అరకు ఘాటీలో తేలిన స్కూటరు బేరం

అద్దె బండి బ్రేకులు అనంతగిరి ఘాటీలో మొరాయించి ఉండకపోతే నేను ఈపాటికి కూడా స్కూటర్ల కరపత్రాలే తిరగేస్తూ ఉండేవాడిని. 110 సీసీ బండి ఇద్దరికీ సామానుకూ చాలదు. 155 సీసీ యమహా ఏరాక్స్ స్కూటరు మా అవసరానికీ జేబుకీ కూడా మించినది. కాబట్టి 125 సీసీలోనే ఒకటి కొనాలని ఇంట్లో తీర్మానమైంది గానీ, ఏది కొనాలన్నది మాత్రం మూడు నెలలైనా తేలలేదు. షోరూములో ఇచ్చే టెస్టు రైడు వీధి చివరి దాకా వెళ్లి రావడానికే సరిపోతుంది. అందుకని విశాఖపట్నంలో ఒక 125 సీసీ బండిని రెండు రోజులకు అద్దెకు తీసుకొని, సొంత జూపిటర్ 125 ఉన్న మా బావమరిదిని వెంటబెట్టుకొని, మా ఆవిడతో కలిసి అరకు వెళ్లి రావాలని నిశ్చయించాను.

అద్దె రోజుకు 600 రూపాయలు, డిపాజిట్ 3,000 రూపాయలు. స్వయంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండికి నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలు ఉండాలి. మాకు ఇచ్చినదానికి మాత్రం తెల్ల పలక ఉంది. “బావా, ఇది ఎవరి సొంత బండో తెచ్చి ఇస్తున్నారు, దీనికేదైనా అయితే ఇన్సూరెన్సుతో చిక్కు” అని బావమరిది అక్కడే చెప్పాడు. ఎండెక్కకముందే బయలుదేరాలన్న ఆత్రంలో నేను వినిపించుకోలేదు. బండిని మూడు వైపుల నుంచి ఫోటో తీసి, ఆ మాత్రం జాగ్రత్త చాలనుకున్నాను.

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా వెళ్లేటప్పుడు చెప్పుకోదగిన ఇబ్బందేమీ రాలేదు. అరకులో గదికి 1,800 రూపాయలు తీసుకున్నారు, గది శుభ్రంగానే ఉంది, బొంగులో చికెన్ బాగుంది.

అసలు సంగతి మర్నాడు దిగేటప్పుడు బయటపడింది. గేర్ల బండి అయితే రెండో గేరులో వేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. స్కూటరులో ఆ సౌకర్యం తక్కువ. ఆక్సిలరేటరు పూర్తిగా వదిలి వేగం తగ్గనిస్తే ఒక దశలో క్లచ్ విడిపోయి, బండి తన బరువుతో తానే జారడం మొదలుపెడుతుంది; అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అనంతగిరి దాటాక నాలుగైదు మలుపులు తిరిగేసరికి ఎడమ చేతి బ్రేకు లీవరు పిడికి తగిలేంత లోపలికి వచ్చేసింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు కొత్త బండ్లకు ఎడమ లీవరుతో రెండు చక్రాలకూ బ్రేకు పడే ఏర్పాటు తప్పనిసరి అయిన మాట నిజమే గానీ, వెనుక బ్రేకు లైనర్లు (రాసుకొని చక్రాన్ని ఆపే పొరలు) అరిగి లీవరు పిడి దాకా వచ్చేశాక ఆ ఏర్పాటు ఎవరిని ఆదుకుంటుంది? కాలిన వాసన మొదట మా ఆవిడకే వచ్చింది. బండి ఆపించి, హెల్మెట్ తీయకుండానే దిగి, మాట్లాడకుండా వెళ్లి తమ్ముడి వెనుక కూర్చుంది. ఆ తర్వాత విశాఖపట్నం చేరేదాకా నా బండి మీద కాలు పెట్టలేదు.

టైడా దగ్గర అరగంట ఆగి, వెనుక బ్రేకు డ్రమ్ము (లైనర్లు రాసుకునే గిన్నె) చల్లారాక, మెల్లగా శృంగవరపుకోట చేరాము. అక్కడ రోడ్డు పక్కన ఒక చిన్న మెకానిక్ షెడ్డు కనిపించింది. అక్కడి మెకానిక్ బ్రేకు పూర్తిగా నొక్కమని నాతో చెప్పి, వెనుక చక్రం పక్కనున్న బ్రేకు ఆర్ము మీది చిన్న బాణం గుర్తును వేలితో చూపించాడు. లీవరు నొక్కినప్పుడు ఆ బాణం ఎదుటి గుర్తుతో కలిసిందంటే బ్రేకు షూలు (లైనర్లు అంటించి ఉండే ముక్కలు) మార్చాలని అర్థమట. మా బండిలో అది గుర్తును దాటిపోయి ఉంది. చక్రం విప్పి చూపించిన లైనర్లు గాజు పెంకులా మెరుస్తున్నాయి. “ఈ లైనర్లతోటి ఘాటీ దిగొచ్చేసారేటండీ?” అన్నాడు. షూలకు 280, కూలీకి 120 తీసుకొని, పాతవాటిని కవరులో వేసి ఇచ్చాడు. ఆ రెండు రోజుల్లో మేము పెట్టిన ఖర్చుల్లో న్యాయమైనది ఇదొక్కటేనని నా అభిప్రాయం.

ఆ కవరును అద్దె దుకాణంలో బల్ల మీద పెట్టి, 400 రూపాయలు ఇప్పించమన్నాను. అక్కడి మనిషి కలంతో కవరును పక్కకు నెట్టి, మమ్మల్ని అడగకుండా మార్చిన విడిభాగాలకు మాకు సంబంధం లేదన్నాడు. పైగా పాదాలు పెట్టుకునే పలక అడుగున, నేను ఫోటో తీయని నాలుగో వైపున, తుప్పు పట్టిన ఒక గీతను చూపి డిపాజిట్‌లో 700 కోశాడు. రెండు రోజుల కింద పడిన గీతకు అప్పుడే తుప్పు ఎలా పట్టిందని బావమరిది ఎంత వాదించినా చేతికి 2,300 మాత్రమే వచ్చాయి. అద్దె 1,200, పెట్రోలు 610, బ్రేకులు 400, గీత 700, అన్నీ కలిపి 2,910 రూపాయలు. బండి అద్దెకు తీసుకునేవారు నల్ల పలక లేనిదాన్ని ముట్టుకోవద్దు. అడుగు భాగాన్ని కూడా వీడియో తీయండి. బ్రేకు లీవరు సగం దూరంలో గట్టిపడకపోతే అక్కడే వెనక్కి ఇచ్చేయండి.

బండి ఎంపిక మాత్రం ఆ ఘాటీలోనే తేలిపోయింది. తేలికగా ఉంటుందని నేను మొగ్గిన యాక్సెస్ 125 వెనుక చక్రం 10 అంగుళాలే; గుంతల్లో ఆ తేడా నడుముకు తెలుస్తుంది. ఎన్‌టార్క్ 125కు రెండు చక్రాలూ 12 అంగుళాలే గానీ, అంత బరువైన బండిని మా ఇరుకు వాకిట్లో వెనక్కి లాగడం నాతో అయ్యే పని కాదు. బావమరిది జూపిటర్‌కూ రెండు చక్రాలూ 12 అంగుళాలే. సీటు కింద 33 లీటర్ల చోటులో రెండు హెల్మెట్లు పడతాయి. పెట్రోలు ముందు వైపు నుంచే పోయించుకోవచ్చు కాబట్టి బంకులో వెనుక కూర్చున్నవారిని దించనక్కరలేదు. దూకుడు తక్కువన్న మాట నిజమే. యాభై దాటిన నాకు అది లోపంగా తోచలేదు. అయితే కొంటే ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న రకమే కొనాలి. కొన్ని వేలు మిగులుతాయని డ్రమ్ము రకం తీసుకోవడం తెలివైన పని కాదు.

పోయిన వారం రాజమహేంద్రవరంలో షోరూముకు వెళ్లాము. సేల్స్ కుర్రవాడు రంగుల పట్టిక తెరిచేలోపే మా ఆవిడ బండి దగ్గరకు నడిచి, ఎడమ లీవరు నొక్కి పట్టుకొని, పిడికీ దానికీ మధ్య రెండు వేళ్లు దూర్చి చూసింది.