ఇంట్లో కట్టుకున్న తెరచాప పడవ: ఆరేళ్లు గౌతమి మీద వాడాక

2019 ఫిబ్రవరిలో ఈ పడవని నీళ్లలోకి దించాను. కొత్తలో రాసి ఉంటే అంతా పొగడ్తే రాసేవాణ్ని. ఆరేళ్ల ఎండ, ఉప్పునీళ్లు, ఇసుక తిన్నాక ఏది నిలబడిందో ఏది పోయిందో ఇప్పుడు చెప్పగలను. చెక్కతో సొంతంగా పడవ కట్టుకోవాలనుకునే వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

పడవ పేరు ఓజ్ గూస్. నమూనా గీసింది ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ స్టోరర్. దీనికి మూలం 2003లో అమెరికాలో డేవిడ్ రౌత్ మొదలుపెట్టిన 8 అడుగుల పెట్టె లాంటి చిన్న తెరచాప పడవ. దాన్నే సాగదీసి 12 అడుగులు చేశారు. వెడల్పు 4 అడుగులు. ఫిలిప్పీన్స్‌లో చాలామంది ఇళ్ల దగ్గర కట్టుకుని తాల్ సరస్సులో పడవ పందేలు పెట్టుకుంటారు. వాళ్ల వాతావరణం, మన కోస్తా వాతావరణం దగ్గర దగ్గరగా ఉంటాయి. నా నమ్మకానికి అదొక కారణం.

అసలు కారణం మా నీళ్లు. మా ఊరు యానాం దగ్గర, గౌతమి ఒడ్డున. ఇక్కడ పోటుకి నీళ్లు నిండుగా ఉంటాయి, పాటుకి ఇసుక మేటలు బయటపడతాయి. లోతుగా దిగే అడుగు ఉన్న పడవ ఇక్కడ పనికిరాదు. దీని అడుగు బల్లపరుపు. పడవ అడ్డంగా జారకుండా పక్కన నీళ్లలోకి దిగే పలక ఒకటి ఉంటుంది, ఆ పక్క పలక పైకి లేపేస్తే జానెడు నీళ్లు చాలు. స్తంభానికి తీగలు, లాగు తాళ్లు ఏమీ ఉండవు. రేవులో పది పదిహేను నిమిషాల్లో ఒక్కడినే బిగించుకోగలను.

ముందు ప్లైవుడ్ సంగతి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడింది. 6 మి.మీ. మందం, 8 అడుగులు బై 4 అడుగుల షీట్లు నాలుగు కావాలి. మెరైన్ ప్లై (నీళ్లకి తట్టుకునే ప్లైవుడ్) అని అడిగితే షాపులో ఏదో ఒకటి ఇస్తారు. దానికి మన దేశ ప్రమాణం ఐఎస్ 710, ఆ ముద్ర ఉండాలి. ముద్ర ఉన్నా నమ్మకూడదని నాకు మొదటి కొనుగోలులోనే తెలిసింది. ఆ ప్రమాణం ప్రకారం ప్లైవుడ్ 72 గంటలు మరిగినా పొరలు విడిపోకూడదు. నేను రెండు షీట్లు తెచ్చి, ఒక మూల కోసి, పెరట్లో కట్టెల పొయ్యి మీద పాత గిన్నెలో వేసి మరిగించాను. రెండో రోజు సాయంత్రానికి ఆ ముక్క పుస్తకం విప్పినట్టు విచ్చుకుంది. పట్టుకెళ్లి చూపిస్తే షాపాయన డబ్బు వెనక్కి ఇవ్వలేదు, పోట్లాడి వేరే కంపెనీ సరుకు తీసుకున్నాను. ఈసారి ముక్క మూడు రోజులు మరిగింది, రంగు మారిందే తప్ప పొర లేవలేదు. పడవ అడుగు, పక్కలు అవే. ఈ రోజు వరకు ఒక్క చోట కూడా పొర విడిపోలేదు.

ఒక్కటి మాత్రం ముందే తెలిసుంటే బాగుండేది. మన దగ్గర దొరికే గట్టి రకం మెరైన్ ప్లై చాలా బరువు. బయటి దేశాల్లో ఇలాంటి పడవలకి వాడే ఒకుమే అనే తేలిక చెక్క ప్లై ఒక షీటు 8 కిలోల దాకా ఉంటే, నేను తెచ్చినవి ఒక్కోటి 13 కిలోలకు పైనే తూగాయి. రంగు వేశాక తెరచాప, స్తంభం లేకుండా పడవ ఒక్కటే 68 కిలోలు వచ్చింది. ఇద్దరం మోయగలం గానీ గట్టు ఎక్కించేటప్పుడు నడుం పట్టేస్తుంది. పాత మోపెడ్ చక్రాలతో ఒక బండి చేయించుకున్నాక ఆ బాధ తీరింది. బండి ఖర్చు కూడా పడవ ఖర్చులో కలిపే లెక్క వేసుకోండి.

కట్టే పద్ధతి కష్టం కాదు. మూలల్లో సన్నటి చెక్క బద్దలు, ఎపాక్సీ జిగురు. జిగురు పట్టేదాకా ఆపడానికి స్క్రూలు, పట్టాక తీసేసి కన్నాలు పూడ్చేయాలి. మా ప్రాంతంలో పెద్ద నావలు కట్టే పద్ధతి పూర్తిగా వేరు. దుంగల్ని బాడిసతో చెక్కి, పలక మీద పలక మేకులతో బిగించి, సందుల్లో దూది కూరి గుగ్గిలం, నూనె కలిపి పూస్తారు. నాకు సాయం చేసిన వడ్రంగి ఆ పని చూసి పెరిగినవాడు. "మేకు లేకుండా పడవేంటండీ, నీళ్లలో దిగ్గానే దేనికది ఊడిపోదూ?" అన్నాడు. రెండు ముక్కలు అతికించి, రెండు రోజులాగి సుత్తితో కొట్టి విరగ్గొట్టమన్నాను. చెక్క చీలింది, జిగురు గీత అలాగే ఉంది. ఆ ముక్క చాలాసేపు చేతిలో తిప్పి తిప్పి చూసుకుని, "సరే, చిత్రిక ఇలా ఇవ్వండి" అన్నాడు. ఆ తర్వాత బద్దల ఏటవాలు చెక్కింది మొత్తం ఆయనే. నా చేతికి ఆ నేర్పు లేదు, పడవ పక్కలు ఈ రోజుకీ తిన్నగా ఉన్నాయంటే అది ఆయన చలవ.

ఎపాక్సీ గురించి రెండు మాటలు. ఇది ఎండాకాలంలో పెట్టుకోవాల్సిన పని కాదు. వేడికి కప్పులో కలిపింది కలిపినట్టే పొగలు కక్కి గట్టిపడుతుంది. కొంచెం కొంచెం కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. నేను 2018 నవంబరులో మొదలుపెట్టాను, చలికాలం మంచిదని. కానీ డిసెంబరు 17న పెథాయ్ తుఫాను సరిగ్గా మా మీదే తీరం దాటింది. పాక మీద రేకులు ఎగిరిపోతాయని రాత్రంతా టెన్షన్. పాక నిలబడింది. కానీ ముందు రోజు అడుగుకి పూసిన ఎపాక్సీ గాలిలో తేమకి పాలలా తెల్లబడి, పైన జిడ్డు తేలింది. ఆ జిడ్డుని నీళ్లతో కడగకుండా దాని మీద ఇంకో పూత వేస్తే పట్టదు. కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ మొదలుపెట్టాను. పది రోజులు పోయాయి. ఇప్పుడు చూస్తే ఆ పది రోజులు ఓపిక పట్టినందుకే అడుగు ఇంత బాగుందనిపిస్తుంది.

తెరచాప దాదాపు 90 చదరపు అడుగులు. మొదటిది వడ్లు ఆరబోసే బరకంతోనే కుట్టాను. బరకం చాప ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. మొదటి ఏడాది చాలా బాగుంటుంది. రెండో వేసవి సగంలో ఎండకి పెళుసెక్కి కుట్టు దగ్గర చిరిగింది. నేర్చుకోవడానికి అది చాలు. ఆ తర్వాత అసలైన తెరచాప గుడ్డ తెప్పించి కుట్టించాను, నాలుగేళ్లు దాటినా ఆకారం చెడలేదు. చాప పై అంచుని పట్టే వాసానికి మొదట వెదురు వాడాను, తేలిక అని. రెండో ఏడు నిలువునా పగిలింది. పైన్ చెక్కలు అతికించి చేసిన వాసం ఇప్పటికీ ఉంది.

దించిన రోజు మాఘమాసపు పొద్దు. అమ్మ పడవ ముందు కొసకి, అదే అణియానికి, పసుపు, కుంకుమ పెట్టి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టింది. రేవులో సగం ఊరు ఉంది. నీళ్లలో పెట్టగానే చెక్కు చెదరకుండా తిన్నగా తేలింది. కాని తెరచాప ఎత్తాక పడవ ముందుకు పోలేదు, అడ్డంగా జారుతోంది. చాప మధ్యలో ఏటవాలుగా పెద్ద ముడత. ఎంత సరిచేసినా అంతే. ఒడ్డున కూర్చున్న ఒక తాత, కుర్రతనంలో చాప ఎత్తిన నావలో సముద్రం మీదికి వెళ్లినవాడు, నీళ్లలోకి దిగి వచ్చాడు.

"కింద బిగించలేదురా అబ్బాయ్" అంటూ కింది వాసాన్ని లాగిపట్టే తాడుని రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగి కట్టాడు. ముడత పోయింది. "ఇప్పుడెళ్లు" అన్నాడు.

ఈ రకం తెరచాపకి అదే ప్రాణం. చాపలో కొంత భాగం స్తంభానికి ముందుకు ఉంటుంది కాబట్టి కింది తాడు వదులైతే మొత్తం మెలి తిరుగుతుంది. నేను చేతి బలంతో లాగడం సరిపోదు. రెండు చిన్న కప్పీలు వేశాక ఇప్పుడు మా అమ్మాయి కూడా బిగించగలుగుతోంది.

నడక ఎలా ఉంటుంది? వేసవి మధ్యాహ్నాలు సముద్రం మీంచి గాలి నదిలోకి ఎక్కుతుంది. పాటుతో కలిసి, ఎదురుగాలికి అటో మలుపు ఇటో మలుపు వేసుకుంటూ కిందికి వెళ్లి, పోటు మొదలయ్యాక గాలి వీపుకి పెట్టుకుని ఇంటికి రావడం నాకు ఈ లోకంలో అన్నిటికంటే ఇష్టమైన పని. మామూలు గాలికి హాయిగా పోతుంది. గాలి పెరిగి, పక్క నుంచి తగిలినప్పుడు బల్లపరుపు అడుగు నీళ్లని కోయడం మానేసి వాటి మీద జారుతుంది. ఇంత బరువు పడవ అలా లేస్తుందని నేను అనుకోలేదు. కూర్చునే చోటు ముఖ్యం. వెనక కొస, అంటే అమరం దగ్గర కూర్చుంటే వెనక చెక్క నీళ్లని ఈడుస్తూ పడవ బద్ధకిస్తుంది. ఒక మూర ముందుకు జరిగితే అడుగున గలగల శబ్దం ఆగి వేగం వస్తుంది.

నచ్చనిది ఎదురలలు. చిన్న అలలు వరసగా వస్తే ఆ వెడల్పాటి ముక్కు టప్ టప్ మని కొట్టుకుంటుంది, నీళ్లు ముఖాన పడతాయి, వేగం పోతుంది. కొంచెం పక్కకి ఒరిగించి మూల మీద నడిపితే నయం. అలల మీద తెల్ల నురుగు కనిపించగానే నేను చాప కుదించేస్తాను. ఇది నదికి, బ్యాక్‌వాటర్స్‌కి సరిపోయే పడవ. దీన్ని సముద్రం మీదికి తీసుకెళ్లే ఆలోచన ఎవరూ పెట్టుకోవద్దు.

బోర్లా పడితే? రెండు పక్కలా అణియం నుంచి అమరం దాకా మూసేసిన గాలి గదులు ఉన్నాయి. గౌతమిలో దూరం వెళ్లకముందే చెరువులో కావాలని నాలుగుసార్లు పడేసి చూశాను. పక్క పలక మీద నిలబడి ఒరిగితే లేస్తుంది, లోపల చీలమండలోతు నీళ్లే మిగులుతాయి. పడిపోయిన పడవని లేపడం రానివాళ్లు నదిలోకి వెళ్లకూడదని మా ఇంట్లో నియమం.

ఆ నియమం ఊరికే రాలేదు. పడవ దించిన 2019లోనే సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఎందరో పోయారు. అమ్మ నా పడవ మీద దుప్పటి కప్పి, దాని పేరెత్తొద్దంది. నాలుగు నెలలు నేనూ ముట్టుకోలేదు. తర్వాత కొన్ని కట్టుబాట్లు రాసుకుని మళ్లీ దించాను. ఎక్కిన ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, నీళ్లు చొరబడని సంచిలో ఫోన్, ఒడ్డు కనిపించేంత దూరంలోనే. జులై నుంచి సెప్టెంబరు దాకా పడవ గట్టు మీదే. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారు. ఆ మాట వినకముందే, ఎర్రనీళ్లు రాగానే ఆపేస్తాను.

ఒక్కసారే వరదలో దించాను. 2022 జులైలో నీళ్లు మా వీధిలోకే వచ్చాయి. తెరచాప, స్తంభం తీసేసి, గెడ వేసుకుంటూ పక్క వీధుల్లోంచి బియ్యం బస్తాలు, ఇద్దరు ముసలివాళ్లని, ఒక కుట్టుమిషన్‌ని మెరకకి చేర్చాం. నడవడానికి వీల్లేనంత నీళ్లలో ఆ బల్లపరుపు అడుగు ఎంత స్థిరంగా ఉందో అప్పుడు తెలిసింది. అమ్మ ఆ తర్వాత పడవ గురించి ఒక్క మాట అనలేదు.

చెడిపోయిన వాటి సంగతికి వస్తాను. మూడో ఏడాది చివర వెనక చెక్క మీద వేలు పెడితే దిగబడింది. అరచేయంత చోటు కుళ్లింది. తవ్వి చూస్తే తాడు కట్టే కొక్కెం స్క్రూ కన్నం. దించే ముందు రోజు హడావిడిగా బిగించాను, కన్నం లోపల ఎపాక్సీ పూయలేదు. నీళ్లు ఆ ఒక్క దారినే లోపలికి వెళ్లాయి. కుళ్లు మొత్తం కోసేసి, అంచులు ఏటవాలుగా చెక్కి కొత్త ముక్క అతికించాను. అప్పటి నుంచి ప్రతి స్క్రూకీ పెద్ద కన్నం వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు కన్నం వేస్తున్నాను. అలా చేసిన చోట మళ్లీ మెత్తబడలేదు.

చుక్కాని కీళ్లు 304 రకం స్టీలువి, ఉప్పునీళ్లకి రెండేళ్లలో ఎర్ర మచ్చలు పట్టి బిగుసుకున్నాయి. 316 రకం వేశాక బాధ లేదు. చెక్క అందం కనపడాలని పైభాగానికి వార్నిష్ వేశాను, మన ఎండకి ఏడాదికే పొట్టు లేచింది. ఎపాక్సీకి ఎండ పడదు, దాని మీద ఏదో ఒక కాపు ఉండాలి. ఇప్పుడు అంతా తెల్ల పెయింటే, అంచు మీద మాత్రం ఒక వేలెడు వార్నిష్ ఉంచుకున్నాను. అడుగున గాజు గుడ్డ (ఫైబర్‌గ్లాస్) వేయడం, ఇసుక మీద ఈడ్వడానికి మూడు చెక్క బద్దలు కొట్టడం మాత్రం మొదటే చేశాను. బద్దలు రెండుసార్లు అరిగిపోయి మార్చాను, అడుగుకి గీత పడలేదు.

మొత్తం ఖర్చు 2018-19 ధరల్లో దాదాపు 55 వేలు, వడ్రంగి కూలితో కలిపి. ఏటా జనవరిలో గరుకు కాగితం, పెయింట్, తాళ్లకి రెండు మూడు వేలు. నాలుగు వారాంతాల్లో అయిపోతుందనుకుని మొదలుపెడితే సర్దుకోండి, నాకు మూడు నెలలు పట్టింది.

మా పిన్ని కొడుకు తనకీ ఇలాంటిదే కావాలన్నాడు. కుదురుగా ఆరబెట్టుకోవడానికి పాక ఉంది, వడ్రంగి వస్తానన్నాడు. మొన్న ఇద్దరం వెళ్లి షీట్లు చూసి, ఒక మూల ముక్క కోయించుకుని తెచ్చాం. నిన్న పొద్దుటి నుంచి అది పెరట్లో పొయ్యి మీద మరుగుతోంది.