బరంపురంలో మిలట్రీ పింఛను అప్పీళ్లు రాసిపెట్టే షాపు: మా తమ్ముడి కేసుతో మా అనుభవం

బరంపురం కోర్టుపేట దగ్గర ఒక సందులో చిన్న టైపింగ్, జిరాక్స్ షాపు ఉంది. బోర్డు మీద పింఛను అన్న మాటే కనిపించదు. నడిపేది ఆర్మీలో క్లర్కుగా చేసి సుబేదారుగా రిటైరైన పెద్దాయన. ఇచ్ఛాపురం వైపు మనిషి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడతారు. డిజేబిలిటీ పింఛను రిజెక్టయిన వాళ్లకు అప్పీళ్లు తయారు చెయ్యడమే ఆయన అసలు పని. మానసిక జబ్బుతో మిలట్రీ నుంచి ఇంటికొచ్చిన వాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లకు తెలియాలని రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా తమ్ముడు 2006లో ఆర్మీలో చేరాడు. కాశ్మీరులో కుప్వారా వైపు డ్యూటీలో ఉండగా నిద్ర పట్టడం మానేసింది, ఎవరో వెంటపడుతున్నారన్న భయం పట్టుకుంది. మిలట్రీ ఆసుపత్రిలో సైకియాట్రీ వార్డులో ఉంచి, 2014లో స్కిజోఫ్రీనియా (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) అని ఇన్‌వాలిడ్ చేసి, అంటే ఇక సర్వీసుకు పనికిరాడని రాసి, పంపేశారు. మెడికల్ బోర్డు వైకల్యం 40 శాతం అని రాసింది. పింఛనుకు 20 శాతం ఉంటే చాలు. కానీ ఆ పక్కనే ‘నానా’ అని రాశారు. అంటే జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని. దాంతో పింఛను ఆగిపోయింది. పదేళ్ల సర్వీసు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ ఒక్కటే చేతికొచ్చింది.

మొదటి అప్పీలు వేరే ఊళ్లో ఒక ఏజెంటు రాశాడు. వచ్చే బకాయిల్లో ముప్పై శాతం తనదేనని ముందే స్టాంపు పేపరు మీద సంతకం అడిగాడు. రాసిందంతా పేదరికం గురించి, దేశసేవ గురించి. బోర్డు చెప్పింది ఎందుకు తప్పో అందులో ఒక్క ముక్క లేదు. అది తిరిగొచ్చింది. రెండో అప్పీలూ అంతే.

సుబేదారు గారి పద్ధతి వేరు. మేం చెప్పడం మొదలుపెట్టగానే ఆపి, “కష్టం తర్వాత విందాం తల్లీ, ముందు కాగితాలు చూపించు” అన్నారు. మా దగ్గర డిశ్చార్జ్ బుక్కు, రిజెక్షన్ లెటర్లు తప్ప ఏమీ లేవు. వెంటనే జవాన్ల కాగితాలుండే ఆర్మీ రికార్డ్ ఆఫీసుకు ఆర్టీఐ కింద దరఖాస్తు టైపు చేశారు. మూడింటి కాపీలు అడిగారు: భర్తీ అయిన రోజు చేసిన మెడికల్ పరీక్ష, ఇన్‌వాలిడ్ చేసిన బోర్డు నివేదిక, ఏఎఫ్‌ఎమ్‌ఎస్‌ఎఫ్-10. ఈ మూడోది సైకియాట్రీ కేసుల్లో కమాండింగ్ ఆఫీసర్ రాసే రిపోర్టు. అలాంటి కాగితం ఒకటుంటుందని అంతవరకు మాకెవరూ చెప్పలేదు.

అవి వచ్చాక ఆయన చదివిన తీరు చెప్పాలి. అద్దాలు పైకెత్తి, కాగితం కళ్ల దగ్గరికి పెట్టుకుని, పెన్సిలుతో సన్నగా గీతలు గీస్తూ పోయారు. ఒరిజినల్ మీద పెన్ను పెట్టరు. ఆఫీసర్ రిపోర్టులో ఒక చోట ఆగారు. ఈ పోస్టుకు రాకముందు మనిషి హుషారుగా పని చేసేవాడు, తాగుడు లేదు, ఇంటి గొడవలు లేవు అని ఉందక్కడ. భర్తీ కాగితంలో ఏ జబ్బూ రాయలేదు. బోర్డు నివేదికలో కారణం రాయాల్సిన చోట ‘పుట్టుకతో వచ్చే తత్వం’ అన్న అర్థంలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, “మన కేసంతా ఇంతేనమ్మా, మిగతాది అలంకారం” అన్నారు.

తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పారు. భర్తీ నాడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, కాదని చూపించే బాధ్యత సర్కారుది అని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. అదే ఏడాది వీర్‌పాల్ సింగ్ కేసులో, అది కూడా స్కిజోఫ్రీనియాయే, బోర్డు కారణాలు చెప్పలేదని తప్పుబట్టి మళ్లీ పరీక్ష చెయ్యమంది. ఆర్మీ డాక్టర్లు చూసుకునే గైడులో కూడా, తీవ్రవాదం ఉన్న ప్రాంతాల్లో, ఎత్తు కొండల మీద, మనుషుల్లేని పోస్టుల్లో ఉండగా మానసిక జబ్బు మొదలైతే దాన్ని సర్వీసుకు ముడిపెట్టవచ్చని ఉంది. అందుకే మా తమ్ముడు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడున్నాడో ఒక పట్టీ వేసి, పక్కనే ఆసుపత్రిలో చేరిన తేదీలు పెట్టారు.

లేనిపోని ఆశ పెట్టకపోవడం నాకు నచ్చింది. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, అదీ స్కిజోఫ్రీనియాయే, సుప్రీంకోర్టు జవానుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. సర్కారు వకీలు తప్పకుండా దాన్నే పట్టుకుంటాడని ముందే చెప్పారు. 2025 మేలో రాజుమోన్ కేసులో, బోర్డు కారణాలు చూపకుండా స్కిజోఫ్రీనియా అని పంపేస్తే పింఛను ఆపడం కుదరదని తీర్పు రాగానే ఆయనే ప్రింటు తీసి కోల్‌కతాలో మా వకీలుకు పంపించారు.

కోల్‌కతా ఎందుకంటే, అప్పీళ్లు రిజెక్టయ్యాక వెళ్లాల్సింది ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు, అంటే మిలట్రీ వాళ్ల కేసులు చూసే కోర్టుకు. ఒడిశాలో ఉండేవాళ్లకు దాని కోల్‌కతా బెంచి. మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్నవాళ్లు చెన్నై బెంచికి వెళ్లాలి. మాకు చుట్టాలు అటూ ఇటూ ఉన్నారు. పాత ఏజెంటు పాతపట్నం అడ్రసు పెట్టి చెన్నైలో వేద్దామన్నాడు. సుబేదారు గారు ససేమిరా ఒప్పుకోలేదు. ఉన్న ఊరే రాయాలి, రేపు అదే పట్టుకుని కొట్టేస్తారు అన్నారు.

డబ్బు విషయానికొస్తే, టైపింగుకు పేజీ లెక్క, ఆర్టీఐకి, పోస్టుకు అయిన ఖర్చు, అంతే. బకాయిల్లో వాటా అడగరు. పైగా లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 కింద మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారని చెప్పి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కాగితం కూడా రాసిచ్చారు. ఆ దారి చూపిస్తే తన రాబడి తగ్గుతుందని తెలిసీ చూపించారు.

ఇంకొకటి. షాపులో జిరాక్స్ మెషిన్ చప్పుడుకు మా తమ్ముడు చెవులు మూసుకుని బయటికెళ్లిపోయాడు. సుబేదారు గారు మెషిన్ ఆపేసి, క్యూలో ఉన్న కాలేజీ పిల్లల్ని సాయంత్రం రమ్మని, తమ్ముణ్ని లోపలికి పిలిచి నంబరు, ట్రేడు, యూనిట్ అడిగారు. వాడు నిలబడి గడగడా చెప్పాడు. ఇంట్లో రోజంతా నోరు విప్పనివాడు. స్టేట్‌మెంటు నన్ను కాకుండా వాణ్నే అడిగి రాసుకున్నారు. మధ్యలో వాడు ఆగిపోతే ఖాళీగా కూర్చున్నారు తప్ప తొందరపెట్టలేదు.

లోపాలు లేవని కాదు. మధ్యాహ్నం తర్వాత ఫోను ఎత్తరు. ఆయన లేని రోజు కూర్చునే కుర్రాడికి ఏమీ తెలియదు. ఇంగ్లిష్ టైపింగులో తప్పులు వస్తాయి. ఒక కాపీలో మావాడి నంబరులో అంకె తారుమారైంది, కాబట్టి సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ చూసుకోవాలి. దూరం నుంచి వచ్చే ఆడవాళ్లు కూర్చోవడానికి చోటు లేదు. మేం పలాస, ఇచ్ఛాపురం మీదుగా బస్సులో వెళ్లి ఎండలో నిలబడేవాళ్లం. ట్రిబ్యునల్ వాయిదాల సంగతి ఆయన చేతిలో లేదు, దాని టెన్షన్ మనమే పడాలి.

2023లో వేసిన కేసులో తీర్పు మావైపే వచ్చింది. 40 శాతాన్ని 50గా లెక్క కట్టమన్నారు. నూరు శాతానికి ఆఖరి జీతంలో 30 శాతం కాబట్టి మావాడికి 15 శాతం డిజేబిలిటీ ఎలిమెంటు (వైకల్యానికి ఇచ్చే భాగం), దానికి తోడు సర్వీస్ ఎలిమెంటు (చేసిన సర్వీసుకు ఇచ్చే భాగం). బకాయిలు మాత్రం కేసు వేసిన రోజుకు ముందు మూడేళ్లవే. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం మామూలుగా అంతకు మించి రావని ఆయన మొదట్లోనే చెప్పారు. అందుకే రిజెక్షన్ చేతికొచ్చాక ఏళ్లు గడవనివ్వకండి. మా ఇంట్లో పోయిన సంవత్సరాల డబ్బు ఇక రాదు. ఆ మందుల ఖర్చు మా అమ్మ గాజులతో గడిచింది.

ఉత్తర్వు వచ్చినా మిలట్రీ పింఛన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో పీపీఓ, అంటే పింఛను మంజూరు కాగితం, ఇంకా కనపడలేదు. అమలు కోసం మళ్లీ ట్రిబ్యునల్‌కు వేసే కాగితాలు ఆ షాపులోనే టైపవుతున్నాయి. పీపీఓ వస్తే మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు తీసుకోవచ్చు, మందులకు చేతి డబ్బు పెట్టక్కర్లేదు.

వెళ్లేవాళ్లు ఉదయం పూటే వెళ్లండి. డిశ్చార్జ్ బుక్కు, రిజెక్షన్ లెటర్లు, ఆసుపత్రి చీటీలు ఎంత పాతవైనా పట్టుకెళ్లండి. మనిషి రాగలిగితే వెంటబెట్టుకెళ్లండి, ఆయన ముందు వాళ్లతోనే మాట్లాడతారు.