శ్రీకాకుళం, విజయనగరం మూడు రోజుల యాత్ర: ఏ బ్యాగు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఏడిపిస్తుంది

శ్రీకాకుళానికి టికెట్టు కొని రైలెక్కినవాళ్లు దిగేది ఆమదాలవలసలో. స్టేషను బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది గానీ, ఊళ్లోకి ఇంకా 13 కిలోమీటర్లు బస్సులోనో ఆటోలోనో పోవాలి. చాలా బళ్లు ఇక్కడ ఒకటి రెండు నిమిషాలకు మించి ఆగవు. నలుగురున్న కుటుంబం, రెండు పెద్ద ట్రాలీలు, పిల్లాడి బట్టల సంచి, తిండి సంచి, నీళ్ల సీసాలు అన్నీ ఆ రెండు నిమిషాల్లో తలుపు దాటాలి. అప్పటికే ఎక్కేవాళ్లు మెట్ల మీద ఉంటారు. అందుకే ఈ యాత్రకు బ్యాగు ఎంచుకునేటప్పుడు ఎన్ని లీటర్లు పడుతుందో చూసేముందు, ఎన్ని చేతులున్నాయో చూసుకోవాలి. దిగేటప్పుడు కడ్డీ పట్టుకోడానికి మనిషికి ఒక చెయ్యి ఖాళీగా మిగలాలి.

28 అంగుళాల ట్రాలీ ఖాళీగానే నాలుగు కిలోలు తూగుతుంది, నింపితే 20 దాటుతుంది. నున్నటి ప్లాట్‌ఫారం మీద బొంగరంలా తిరుగుతుంది. ఆటో దగ్గరికి వచ్చాకే అసలు తంటా. సీటు వెనక పట్టదు, కాళ్ల దగ్గర పెడితే ముగ్గురు కూర్చోలేరు. ‘ఇంకో ఆటో పెట్టుకోండి బాబూ’ అంటాడు డ్రైవరు. అందులో అతని తప్పేమీ లేదు. అదే సామాను రెండు మెత్తటి డఫెల్ బ్యాగుల్లో సర్దితే ఒకటి సీటు వెనక నొక్కి పెట్టొచ్చు, ఇంకోటి ఒళ్లో పెట్టుకోవచ్చు.

మూడు రోజుల తిరుగుడికి పెద్దవాళ్లకు తలా ఒక 40–45 లీటర్ల మెత్తటి బ్యాగు సరిపోతుంది. కుటుంబానికంతా కలిపి 55 సెంటీమీటర్ల గట్టి ట్రాలీ ఒకటి చాలు, పగిలేవీ నలిగేవీ అందులో పోతాయి. గుడికీ సముద్రానికీ 15–20 లీటర్ల చిన్న వీపు సంచి కావాలి. వీటితోపాటు మడిచి అడుగున పడేసే ఖాళీ సంచి ఒకటి. ఈ చివరిదాన్నే అందరూ మరిచిపోతారు, పలాసలో జీడిపప్పు కొన్నాక గుర్తొస్తుంది.

బస విషయానికొస్తే, శ్రీకాకుళం టౌన్లో ఆర్టీసీ కాంప్లెక్సు, ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల లాడ్జీలో దిగడం మేలు. అరసవల్లి అక్కడికి రెండు కిలోమీటర్లే, శ్రీకూర్మం దాదాపు 15. పెద్ద బ్యాగులు గదిలో వదిలేసి చిన్న సంచితో తిరిగి రావచ్చు. ఫోన్లో గది మాట్లాడుకునేటప్పుడు అద్దెతోపాటు మూడు సంగతులు అడగండి: లిఫ్టు ఉందా, గది ఎన్నో అంతస్తు, చెక్‌అవుట్ 24 గంటల లెక్కా లేక పొద్దున్న ఫలానా టైమా. లిఫ్టు లేని మూడో అంతస్తుకు ట్రాలీ మోయడమంటే చక్రాల బరువు కూడా మోయడమే. అరసవల్లిలో సత్రాలు చూసుకుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ సొంత తాళంకప్ప వెంట ఉంచుకోండి. గదికి వాడినా వాడకపోయినా బ్యాగు జిప్పుకైనా పనికొస్తుంది. స్టేషన్లలో క్లోక్‌రూమ్ ఉన్నచోట తాళం వెయ్యని బ్యాగు తీసుకోరు, టికెట్టూ చూపించాలి. గదిలో వదిలేదాన్నీ, క్లోక్‌రూమ్‌లో పెట్టేదాన్నీ తాళం పడే జిప్పున్నదిగా చూసుకోవాలన్నది అందుకే.

అరసవల్లిలో రథసప్తమికి గానీ, మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో గానీ వెళ్తే వీపు సంచిని ముందుకు తగిలించుకోవాలి. క్యూలో వెనకున్నవాళ్లకు అది తగలకుండానూ ఉంటుంది, జేబుల మీద మన కన్నూ ఉంటుంది. శ్రీముఖలింగం శ్రీకాకుళానికి 45 కిలోమీటర్ల పైమాటే. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే పని గనుక దానికి వేరే బస అక్కర్లేదు, చిన్న సంచి చాలు.

శాలిహుండం, కళింగపట్నం ఒకే దారిలో కలుపుకుంటారు. శాలిహుండంలో కొండెక్కాలి. పైనున్న బౌద్ధ స్తూపాల దాకా భుజాన మోసేది ఏదైనా పైకి వెళ్లేసరికి రెట్టింపు బరువనిపిస్తుంది, కాబట్టి నీళ్లు, తువ్వాలు, గొడుగు తప్ప మిగతావి కింద కారులోనే ఉంచండి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోటు చూడ్డానికి ఇసకలో నడవాలి. చక్రాల బ్యాగు ఇక్కడ పనికిరాదు, పైగా పాడవుతుంది. నాలుగు చక్రాల ట్రాలీలో ప్రతి చక్రం రెండు విధాల తిరుగుతుంది, ఇరుసు మీద ఒకటి, నిలువు పిన్ను మీద ఒకటి. ఇసక రేణువు ఆ పిన్ను సందులోకి పోయిందంటే చక్రం ఒక పక్కకే బిగుసుకుంటుంది, ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పొరపాటున ఇసకలోకి లాగితే గదికి రాగానే మంచినీళ్లతో కడిగి, పాత బ్రష్షుతో రుద్ది, తిరగేసి ఆరబెట్టాలి. కడగకుండా నూనె వెయ్యకూడదు, నూనెకు ఇసక ఇంకా అంటుకుంటుంది.

ఈ కోస్తా ఊళ్లలో తిరగడానికే ట్రాలీ కొనేవాళ్లయితే రెండు చక్రాలది తీసుకోండి. చక్రాలు పెట్టెలోకి సగం దిగి ఉంటాయి, రోడ్డు గుంటల్లో దెబ్బ తక్కువ. కొట్లో అడుగు భాగం తిప్పి చూస్తే చక్రం స్క్రూలతో బిగించారా, రివెట్లు కొట్టారా తెలుస్తుంది. స్క్రూలుంటే రిపేరుకొట్టువాడు మార్చగలడు, రివెట్టయితే డ్రిల్లు పెట్టాలి. పిడిని పూర్తిగా పైకి లాగి అటూ ఇటూ ఊపండి. కొత్తదానికి కాస్త ఊగులాట మామూలే, లోపల గొట్టం పెట్టెకు కొట్టుకుంటున్న చప్పుడు వస్తే వద్దు. గట్టి పెట్టెల ప్లాస్టిక్కుల్లో ఏబీఎస్ చవక, చలికీ దెబ్బకీ పగులుతుంది. పాలీకార్బొనేట్ వంగి మళ్లీ యథాస్థితికొస్తుంది. పాలీప్రొపిలీన్ బరువు తక్కువ, గీతలు తొందరగా కనబడవు.

గట్టి పెట్టెయినా గుడ్డ బ్యాగయినా దొంగకు దారి జిప్పే. చుట్ట జిప్పులో, అంటే ప్లాస్టిక్ తీగను చుట్టి పళ్లు చేసినదాంట్లో, బాల్‌పెన్ను గుచ్చితే పళ్లు విడిపోతాయి, తాళం వేసి ఉన్నా సరే. సామాను తీసుకున్నాక తాళం వేసిన రన్నర్లను, అంటే జిప్పు మీద జరిగే ముక్కలను, ఒకసారి అటూ ఇటూ లాగితే మళ్లీ మూసుకుంటుంది, ఇంటికెళ్లేదాకా తెలియదు. డబ్బు, నగలు చేతి సంచిలో ఉండాలనడం ఇందుకే. జిప్పు తనంతట తాను విడిపోతుంటే తప్పు పళ్లది కాకపోవచ్చు, రన్నరు నోరు వదులై ఉంటుంది. పటకారుతో రెండు పక్కలా కొంచెం కొంచెంగా నొక్కితే యాత్ర ముగిసేదాకా పనిచేస్తుంది. మార్చాలంటే రన్నరు వెనకవైపు అచ్చులో 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది, అదే సైజు అడగాలి.

రైల్లో ఉచితంగా తీసుకెళ్లనిచ్చే బరువు స్లీపరు, థర్డ్ ఏసీల్లో 40 కిలోలు, సెకండ్ ఏసీలో 50, ఫస్ట్ ఏసీలో 70, జనరల్‌లో 35. మూడు రోజుల సామానుకు బరువుతో ఇబ్బంది రాదు, కొలతతోనే వస్తుంది. పెట్టె 100×60×25 సెంటీమీటర్ల లోపు ఉండాలి, థర్డ్ ఏసీ, చెయిర్‌కార్లలో 55×45×22.5. పెద్ద ట్రాలీలు మందంలో ఈ లెక్క దాటిపోతాయి, బెర్తు కింద అడ్డంగా ఇరుక్కునేవి అవే. విశాఖ–భువనేశ్వర్ వందేభారత్‌లో వస్తే సామానంతా తల మీది అరలోనే. ఎత్తి పెట్టగలిగినంత బరువే తెచ్చుకోండి, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి గనుక స్టేషను రాకముందే లేచి నిలబడండి. రాత్రి ప్రయాణానికి మీటరు పొడవు గొలుసు కావాలి. కింది బెర్తు అడుగున ఇనుప రింగులుంటాయి. గొలుసును బ్యాగు ఒక్క పట్టీకి తగిలిస్తే కత్తిరించడం తేలిక, రెండు పిడుల్లోంచీ దూర్చండి.

విజయనగరం ఇంకో తీరు. స్టేషను ఊళ్లోనే, జంక్షను కాబట్టి బళ్లు కాస్త నిలబడతాయి. కోట, గంటస్తంభం, మూడులాంతర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, రామతీర్థం పన్నెండు కిలోమీటర్లు. ఒకటి రెండు రోజులకు ఇక్కడ ట్రాలీయే సుఖం. ఒక్క పైడితల్లమ్మ సిరిమాను జాతరకు మాత్రం అది పనికిరాదు. విజయదశమి తరవాతి మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్లు. కోట నుంచి గుడి దాకా జనం కిక్కిరిసి ఉంటారు, ఆటోలు దూరంగానే ఆగిపోతాయి. ఆదివారమే వచ్చి గదిలో దిగండి, వీపుకు తగిలించుకునే బ్యాగే తెచ్చుకోండి. అవి వానలు పడే రోజులు కూడా. బ్యాగుకు తొడిగే వాన కవరు వీపు ఆనేవైపు కప్పదు, నీరు అక్కడి నుంచే దిగుతుంది. లోపల పెద్ద పాలిథిన్ సంచి పెట్టి బట్టలు దాంట్లో సర్దడమే నమ్మకమైన పద్ధతి.

తిరుగు ప్రయాణంలో బరువు పెరుగుతుంది. పలాసలో జీడిపప్పు కొనని యాత్రికుడు అరుదు. గుండు పప్పు నలిగితే బద్దలుగా, ముక్కలుగా మారుతుంది, ఇచ్చిన ధరలో సగం అక్కడే పోయినట్టు. పప్పు సైజు చెప్పే గుర్తుల్లో డబ్ల్యూ-240 అంటే పౌనుకు 220–240 పప్పులు, డబ్ల్యూ-320 అంటే 300–320. ఏ రకమైనా గాలి తీసి మూసిన ప్యాకెట్టు తీసుకుని గట్టి ట్రాలీ మధ్యలో, చుట్టూ బట్టలతో పెట్టండి. విడిగా తూచి ఇచ్చిన కవరు తేమకు మెత్తబడుతుంది. పొందూరు ఖద్దరును మడిస్తే గంజి గీతలు పడతాయి, చుట్ట చుట్టడం మంచిది. ఆ చుట్టే బుడితి ఇత్తడి దీపానికో చెంబుకో మెత్తగా పనికొస్తుంది. ఇత్తడి ఎప్పుడూ చక్రాల వైపు, అంటే ట్రాలీ నిలబెట్టినప్పుడు కిందికొచ్చే చోట. పైన పెడితే పెట్టె తలకిందులవుతుంది, పిడి సడలుతుంది. బొబ్బిలి బొమ్మ వీణ కొంటే అసలు గండం దండి, అంటే పొడవాటి మెడ, దగ్గర. బుర్ర గట్టిదే, దండే సన్నం. కొట్టువాళ్లిచ్చిన పెట్టెలోంచి తియ్యకుండా బట్టల మధ్య పడుకోబెట్టండి, పక్క జేబులో మాత్రం వద్దు.

విశాఖ నుంచి విమానమెక్కేవాళ్లకు దేశీయ ప్రయాణాల్లో మామూలు లెక్క క్యాబిన్‌లో 7 కిలోలు, చెక్‌ఇన్‌లో 15. మూడు కిలోల ట్రాలీని క్యాబిన్‌లోకి తీసుకెళ్తే మనకు మిగిలేది నాలుగే, అదే బట్టసంచి అయితే ఆరు దాకా మిగులుతుంది. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, ఎండుకొబ్బరి రెంటిలోనూ కుదరదు. అరసవల్లిలో కొట్టిన కొబ్బరి చెక్కలు ఎండనిచ్చి పట్టుకెళ్దామనుకుంటే అక్కడ ఆపేస్తారు. కొక్కెం కాటా ఒకటి కొనుక్కుంటే లాడ్జి గదిలోనే తూచి, ఎక్కువైనది మడత సంచిలోకి మార్చుకోవచ్చు.

ఇంటికొచ్చాక బ్యాగును అలాగే అటకెక్కించకండి. గుడ్డ లోపలి పూత, చక్రాల మీది మెత్తటి పొర చాలావాటికి పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్కు. తేమలో ఏళ్లు గడిస్తే అది జిగటగా మారి, తెల్లటి పొట్టులా రాలుతుంది. ముట్టుకోని బ్యాగే మొదట పాడవడం చూస్తుంటాం. జిప్పులు తెరిచి రెండు రోజులు నీడలో గాలికి ఆరనిచ్చి, లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి, నిలబెట్టి ఉంచండి. వానాకాలం పోయాక ఒకసారి కిందికి దించి చక్రాలు తిప్పి చూడండి.