మెష్ లెక్కలకు ఎల్‌టీస్పైస్: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

ముందే ఒక మాట చెప్పేస్తా, మీ టైమ్ మిగులుతుంది. ఎల్‌టీస్పైస్ అంటే కంప్యూటర్‌లో సర్క్యూట్ గీసి కరెంట్లు, వోల్టేజీలు చూసుకునే సాఫ్ట్‌వేర్. అందులో ఎంత వెతికినా మెష్ కరెంట్, అంటే సర్క్యూట్‌లో ఒక్కో లూపులో గుండ్రంగా తిరుగుతుందని మనం అనుకునే కరెంట్, దాని బటన్ దొరకదు. మొదటి రోజు గంటసేపు మెనూలన్నీ తిప్పి తిప్పి చూశాను. సర్క్యూట్ గీశాను, రన్ కొట్టాను, రెసిస్టర్ల పేర్లతో ఏవేవో కరెంట్లు వచ్చాయి, కానీ మనం నోట్స్‌లో గుండ్రంగా బాణం గీసి ఐ1, ఐ2 అని రాసుకుంటామే, అవి మాత్రం రాలేదు. ఫ్రీగా వచ్చేది ఇంతేలే అనుకుని మూసేశాను. అర్థం కానిది నాకే అని తెలియడానికి ఇంకో పది రోజులు పట్టింది.

నాది మహబూబ్‌నగర్. ఈఈఈ డిప్లొమా అయిపోయింది, ఈసెట్‌కు, అంటే డిప్లొమా వాళ్లు ఇంజనీరింగ్‌లో చేరే ఎంట్రన్స్‌కు, చదువుతున్నాను, పగలు జడ్చర్లలో ఒక మోటార్ వైండింగ్ షాపులో పని. ఎండలు ముదిరితే మా పాలమూరు బోర్లలో నీళ్లు అడుగంటుతాయి, మోటార్లు నీళ్లు లేకుండా తిరిగి తిరిగి కాలిపోతాయి, పొద్దున షట్టర్ తీసేసరికే ఎవరో ఒకరు ఆటోలో మోటార్ వేసుకుని వచ్చి కూర్చుని ఉంటారు. రాత్రి ఏడు దాటితేగానీ పుస్తకం తెరవడం కుదరదు. లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, 4 జీబీ ర్యామ్, ఛార్జర్ వైరుకు రెండు చోట్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ డొక్కు మీద కూడా ఎల్‌టీస్పైస్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. డబ్బులు కట్టక్కర్లేదు, నెల రోజుల ట్రయల్ లాంటి గొడవ లేదు, ఇన్ని నోడ్లు (వైర్లు కలిసే చోట్లు) దాటితే గీయనివ్వం అనే లిమిట్ కూడా లేదు. లీనియర్ టెక్నాలజీ అనే చిప్పుల కంపెనీ తమ చిప్పులను జనం పరీక్షించుకోవడానికి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. ఆ కంపెనీని 2017లో అనలాగ్ డివైసెస్ కొనేసింది, ఇప్పుడు వాళ్ల సైట్‌లోనే దొరుకుతుంది.

మరి మెష్ కరెంట్ ఎందుకు చూపించదు? దీని మూలం స్పైస్. 1973 ప్రాంతంలో అమెరికాలోని బర్క్లీలో డోనాల్డ్ పెడర్సన్ అనే ప్రొఫెసర్ దగ్గర చదివిన లారెన్స్ నేగెల్ తయారుచేసిన ప్రోగ్రామ్. అది లెక్క చేసేది నోడ్ వోల్టేజీలతో, వాటికి తోడు వోల్టేజ్ సోర్సుల్లో పారే కరెంట్లు కూడా తెలియని రాశులుగా పెట్టుకుంటుంది. ఆలోచిస్తే న్యాయమే. కాగితం మీద లూపులు కంటికి కనిపిస్తాయి కాబట్టి మెష్ మనకు సుఖం. కంప్యూటర్‌కు కళ్లు లేవు, ఏ వైరు ఏ నోడ్‌కు తగిలిందో ఒక జాబితా ఉంటుంది, అంతే. దానికి నోడ్లే సుఖం. పైగా ఎలా గీసినా వైర్లు ఒకదాని మీదుగా ఒకటి దాటక తప్పని సర్క్యూట్‌లో, అంటే ప్లేనార్ కానిదాంట్లో, మెష్ పద్ధతి పనిచేయదు, నోడల్‌కు ఆ బాధ లేదు.

నాకు అసలు విషయం ఎక్కింది మాత్రం షాపులో. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి ఖాళీగా ఉంటే నోట్‌బుక్ తీసి మెష్ లెక్క చేస్తున్నాను. మా ఉస్తాద్ చాయ్ తాగుతూ వంగి చూసి, "ఈ గుండ్రం బాణం ఏందిరా?" అన్నాడు. లూపు కరెంట్ అన్నాను. "ఏ వైరుల పోతది అది? టాంగ్ టెస్టర్ పెడితే చూపెడతదా?" అన్నాడు. వైరు చుట్టూ బిగించి కరెంట్ కొలిచే మీటరే టాంగ్ టెస్టర్. బయటి వైరులో పెడితే చూపిస్తుంది ఉస్తాద్, రెండు లూపులకూ మధ్యలో ఉన్న వైరులో పెడితే చూపించదు, అక్కడ తేడా మాత్రమే వస్తుంది అన్నాను. "అట్ల చెప్పు. ఫేజు, న్యూట్రల్ రెండు కలిపి టాంగ్ టెస్టర్ల పెడితే సున్నా వస్తది సూడు, అదే గదా" అన్నాడు, చాయ్ గ్లాసు కింద పెట్టి కరెంటు వచ్చిందో లేదో చూడ్డానికి పోయాడు. మూడేళ్ల డిప్లొమాలో నాకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. తమాషా ఏంటంటే ఎల్‌టీస్పైస్‌లో రన్ చేశాక రెసిస్టర్ మీదికి మౌస్ తీసుకెళ్తే కర్సర్ కూడా టాంగ్ టెస్టర్ బొమ్మలా మారిపోతుంది, మీద చిన్న ఎర్ర బాణంతో. అది కొలిచేది బ్రాంచ్ కరెంట్, అంటే ఆ ఒక్క దారిలో నిజంగా పారేది. మెష్ కరెంట్ మన బుర్రలో గీసుకున్న బాణం. ఒక బ్రాంచ్ ఒకే మెష్‌కు చెందితే రెండూ ఒకటే, రెండు మెష్‌ల మధ్య ఉంటే తేడా. ఇది తెలిస్తే సాఫ్ట్‌వేర్ సగం వచ్చేసినట్టే.

ఇక అసలు వాడకం. మా చిన్నమ్మ బిడ్డ పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం, ఆదివారాలు వచ్చి నా దగ్గర కూర్చుంటుంది. ఆమెకు ఇచ్చిన లెక్క ఇది: ఎడమ పక్క 20 వోల్టుల బ్యాటరీ, దానితో సిరీస్‌లో 4 ఓమ్స్, మధ్యలో 8 ఓమ్స్, కుడి పక్క 2 ఓమ్స్, దాని కింద 4 వోల్టుల బ్యాటరీ, రెండు బ్యాటరీలకూ ప్లస్ పైకే. రెండు మెష్‌లూ గడియారం తిరిగినట్టే తీసుకుంది. మొదటి సమీకరణం 12 ఐ1 మైనస్ 8 ఐ2 సమానం 20, బాగానే రాసింది. రెండోదాంట్లో మైనస్ 8 ఐ1 ప్లస్ 10 ఐ2 సమానం 4 అని పెట్టేసింది. డిటర్మినెంట్ 56, ఐ1 4.14, ఐ2 3.71. లాప్‌టాప్‌లో చూస్తే 3, 2. "నా లెక్క తప్పెట్లయితది అన్నా, రెండు సార్లు చేసిన" అని మొండికేసింది. కాల్‌క్యులేటర్‌లో మళ్లీ కొట్టింది, మళ్లీ 4.14. వస్తుంది మరి, సమీకరణమే తప్పైతే కాల్‌క్యులేటర్ ఏం చేస్తుంది.

నేను తప్పు చూపించలేదు. ఎల్‌టీస్పైస్‌లో 4 వోల్టుల బ్యాటరీని పట్టుకుని కంట్రోల్ ఆర్ రెండుసార్లు కొట్టి తలకిందులు చేసి మళ్లీ అదే చోట పెట్టి రన్ చేయమన్నాను. 4.14, 3.71 వచ్చాయి. పిల్ల ఒక నిమిషం స్క్రీన్ వంక చూసి, "అంటే నేను బ్యాటరీ ఉల్టా పెట్టి లెక్క చేసిన్నా" అంది. ఇదే నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే నచ్చింది. జవాబు కరెక్టా కాదా అని చెప్పడం గైడ్ వెనక పేజీ కూడా చేస్తుంది, కానీ నా తప్పు జవాబు ఏ సర్క్యూట్‌కు కరెక్ట్ జవాబో వెతుక్కోవడం దీంట్లో రెండు నిమిషాల పని.

మైనస్ గుర్తుల దగ్గర మాత్రం కొత్తవాళ్లకు టెన్షన్ తప్పదు. అదే సర్క్యూట్‌లో డీసీ ఆపరేటింగ్ పాయింట్ (డీసీలో స్థిరపడ్డ వోల్టేజీలు, కరెంట్లు చూపించేది) రన్ చేస్తే 20 వోల్టుల సోర్స్ కరెంట్ మైనస్ 3 అని వస్తుంది. స్పైస్ పద్ధతిలో సోర్స్ ప్లస్ చివర నుంచి లోపలికి పోయే కరెంటే పాజిటివ్. మన బ్యాటరీ బయటికి ఇస్తోంది కాబట్టి మైనస్. 4 వోల్టులదానికి ప్లస్ 2 చూపిస్తుంది, ఎందుకంటే అది ఇవ్వడం లేదు, ఛార్జ్ అవుతోంది. రెసిస్టర్ల గుర్తు ఇంకో తమాషా: గీసేటప్పుడు దాన్ని ఎటు తిప్పి పెట్టారో దాన్ని బట్టి ప్లస్సో మైనస్సో. 2 ఓమ్స్ దాంట్లో మైనస్ 2 వచ్చిందంటే కరెంటు వెనక్కి పారుతోందని కాదు, మీరు రెసిస్టర్ అటు తిప్పి పెట్టారని. కర్సర్ మీది ఎర్ర బాణం చూసుకుంటే ఏ దిక్కు పాజిటివో తెలుస్తుంది. నేనైతే గుర్తులతో తల బాదుకోకుండా పవర్ లెక్క వేస్తాను. 4 ఓమ్స్‌లో 36 వాట్లు, 8 ఓమ్స్‌లో 8, 2 ఓమ్స్‌లో 8, చిన్న బ్యాటరీ మింగేది 8, మొత్తం 60. పెద్ద బ్యాటరీ ఇచ్చేది 20 ఇంటూ 3, అదీ 60. కుదిరిందా, ఇక ఆ లెక్క వదిలేసి తర్వాతిదానికి పోవచ్చు.

మెష్ కరెంట్ నేరుగానే కావాలంటే ఒక చిట్కా ఉంది. ఆ మెష్ బయటి అంచు వైరులో 0 వోల్టుల సోర్స్ ఒకటి పెట్టండి. సర్క్యూట్‌లో ఏమీ మారదు, అది అమ్మీటర్‌లా పనిచేస్తుంది. మీ గుండ్రం బాణం వచ్చే వైపు దాని ప్లస్ పెడితే గుర్తు కూడా మీ నోట్‌బుక్‌లో ఉన్నట్టే వస్తుంది. దాని పేరు వీ అక్షరంతో మొదలయ్యేలా వీఐ1 అనో ఏదో పెట్టుకోండి. ఈ చిట్కా కుదరని చోటు ఒకటుంది. నాలుగు వైపులా పక్క మెష్‌లే ఉన్న నడిమి మెష్‌కు బయటి అంచే ఉండదు, అప్పుడు పక్క మెష్ కరెంట్‌కు మధ్య బ్రాంచ్ కరెంట్ కలుపుకునో తీసేసుకునో రాబట్టుకోవాలి. సూపర్‌మెష్ లెక్కలకైతే దీనికి ప్రత్యేకంగా చేసేదేమీ లేదు, రెండు మెష్‌ల మధ్య కరెంట్ సోర్స్ ఉంటే మనం కిందామీదా పడతాం, అది గమనించను కూడా గమనించదు.

నేను బోల్తా పడ్డ చోటు చెప్తాను. ఒక లెక్కలో 1 మెగా ఓమ్ ఉంది. పెద్ద ఎం అంటే మెగా కదా అని 1 పక్కన పెద్ద ఎం కొట్టాను. ఎల్‌టీస్పైస్‌కు చిన్న ఎం, పెద్ద ఎం రెండూ మిల్లీయే. మెగా కావాలంటే ఎం, ఈ, జీ మూడు అక్షరాలూ కొట్టాలి. దాని రెండు కొసల మధ్య నేరుగా 10 వోల్టులు, కరెంట్ 10 వేల ఆంపియర్లు వచ్చింది. షాపులో చెప్తే ఉస్తాద్ ఒకటే నవ్వు, "ఇంట్ల సబ్‌స్టేషన్ పెట్టినవారా" అని. ఇంకొకటి గ్రౌండ్. మెష్ లెక్కల్లో పుస్తకం గ్రౌండ్ గీయదు, మనమూ గీయం, కానీ ఇక్కడ ఏదో ఒక నోడ్‌కు గ్రౌండ్ గుర్తు పెట్టకపోతే రన్ అవ్వదు. ఎక్కడ పెట్టినా మెష్ కరెంట్లు మారవు, వోల్టేజ్ అంకెలు మాత్రమే మారతాయి, కాబట్టి కింది వైరుకు తగిలించేయండి.

ఏసీ మెష్‌లకూ పనికొస్తుంది. 50 హెర్ట్జ్ ఒక్కటే ఇచ్చి ఏసీ అనాలిసిస్ రన్ చేస్తే కరెంట్ మాగ్నిట్యూడ్, ఫేజ్ యాంగిల్ రెండూ ఇస్తుంది, జే గుర్తులతో (కాంప్లెక్స్ సంఖ్యలతో) కుస్తీ పట్టాక సరిచూసుకోవడానికి ప్రాణం లేచొస్తుంది. వేవ్‌ఫారమ్ చూడాలని సైన్ వేవ్ పెట్టేటప్పుడు మాత్రం 230 అని కొట్టకండి, అది పీక్, అంటే అల శిఖరం విలువ అడుగుతుంది, 230ని రూట్ 2తో గుణిస్తే వచ్చే 325 కొట్టాలి.

చూడ్డానికి మాత్రం అందం లేదు. బూడిద రంగు, ఇరవై ఏళ్ల కిందటి విండోస్ ముఖం. నా దగ్గరున్న పాత వెర్షన్‌లో చెరపాలంటే ఎఫ్5, వెనక్కి తీసుకోవాలంటే ఎఫ్9, అలవాటు కొద్దీ కంట్రోల్ జెడ్ కొట్టి ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. కొన్నాళ్లకు వేళ్లకు అదే అలవాటైంది.

లాప్‌టాప్ లేనివాళ్లు ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్ చూడండి. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఫోన్‌లో కూడా. వైర్లలో పసుపు చుక్కలు పారుతుంటాయి, కరెంటు ఎక్కువుంటే వేగంగా, తక్కువుంటే నెమ్మదిగా. జడ్చర్ల నుంచి వచ్చే బస్సులో సీటు దొరికితే నేను ఇదే తెరుస్తాను. మనం చెప్పుకున్న లెక్క పెట్టి చూడండి, ఎడమ వైపు చుక్కలు పరుగెడుతుంటాయి, కుడి వైపు కాస్త నిమ్మళంగా, మధ్య 8 ఓమ్స్‌లో మాత్రం చీమల్లా దిగుతుంటాయి. మూడు మైనస్ రెండు ఒకటి అని పది సార్లు రాసినా ఎక్కనిది ఒక్కసారి ఇది చూస్తే ఎక్కుతుంది. చిన్న స్క్రీన్ మీద వేలితో వైరు గీయడం మాత్రం నరకం, మేస్త్రీ తాపీతో ముగ్గేసినట్టుంటుంది. నేనైతే ఇంట్లో లాప్‌టాప్‌లో గీసి లింక్ చేసి ఫోన్‌కు పంపుకుంటాను.

ఐదుకు నాలుగు ఇస్తాను ఎల్‌టీస్పైస్‌కు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే, పుస్తకం పక్కన పెట్టి దీన్నే నమ్ముకుందాం అనుకునేవాళ్లకు ఇది ఏమీ నేర్పదు, అంకె పారేసి ఊరుకుంటుంది. సమీకరణం రాయదు, ఏ లైన్‌లో గుర్తు తప్పిందో చెప్పదు, పరీక్ష హాల్లో పక్కన ఉండదు. ముందు కాగితం మీద చేసి, జవాబు కింద గీత గీసి, ఆ తర్వాతే లాప్‌టాప్ తెరిచేవాళ్లకు మాత్రం ట్యూషన్ ఫీజు మిగిలినట్టే.

మా చెల్లె ఇప్పుడు సమీకరణం రాసే ముందే ప్రతి బ్యాటరీ పక్కన ప్లస్ మైనస్ ఎర్ర పెన్నుతో రాసుకుంటోంది. పోయిన ఆదివారం మూడు మెష్‌ల లెక్క మొదటిసారికే కుదిరింది, లాప్‌టాప్‌లో చూసుకుని కాలరెగరేసింది, వెంటనే ఛార్జర్ టేపు ఊడి స్క్రీన్ ఆరిపోయింది. "లక్షల విలువ చేసే మోటార్లు చుట్టుతవు, ఒక ఛార్జర్ కొనరాదా అన్నా" అంటోంది.