ప్రాజెక్ట్ కారు పోయాక పార్టులు: గంపగుత్తగానా, విడివిడిగానా?

అమెరికాలో మొదటి తరం మాజ్డా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారును రేస్ ట్రాక్ కోసం మార్చుకుని, తర్వాత కారు అమ్మేసినవాళ్లకు గ్యారేజీ నిండా పార్టులు మిగులుతాయి.

గంపగుత్తగా ఇచ్చేస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది. కొనేవాడు ట్రక్కు తెచ్చుకుని మంచీ చెడూ కలిపి పట్టుకుపోతాడు. ధర మాత్రం అతను చెప్పిందే.

విడివిడిగా అమ్మితే అసలు విలువ చేతికొస్తుంది. 1994 నుంచి కొన్ని 1.8 లీటర్ల కార్లలో వచ్చిన, వెనక చక్రాలకు పట్టును బట్టి శక్తి పంచే టోర్సెన్ డిఫరెన్షియల్‌నే తీసుకోండి. పాత 1.6 కార్లవాళ్లు దానికోసం వెతుక్కుంటూ తిరుగుతారు. దానికి సరిపోయే యాక్సిళ్లు, డ్రైవ్‌షాఫ్ట్ కూడా జతచేసి ఇస్తే వాళ్లకు సగం తలనొప్పి తగ్గుతుంది, మీకు మంచి ధర వస్తుంది. వీల్స్‌ది 4×100 బోల్ట్ ప్యాటర్న్ (100 మి.మీ. వృత్తం మీద నాలుగు బోల్టులు) కాబట్టి, మధ్య రంధ్రం సరిపోతే పాత హోండా సివిక్ వాళ్లూ కొంటారు. కాయిలోవర్లకైతే (స్ప్రింగూ షాకూ కలిసిన సస్పెన్షన్ పార్టులు) ఫొటోలే ప్రాణం. షాక్ రాడ్ దగ్గర నూనె కారిన జిడ్డు, థ్రెడ్ల మీద తుప్పు ఉంటే దగ్గర నుంచి తీసి చూపించండి. లోపం ముందే చెబితే తర్వాత గొడవ ఉండదు.

ఇందులో టెన్షన్ కూడా ఉంది: గీచి గీచి బేరాలు, వస్తానని రానివాళ్లు, బరువైన వాటికి కొరియర్ ఖర్చు.

నేనైతే డిఫరెన్షియల్, వీల్స్, కాయిలోవర్లు విడిగా అమ్మి, మిగతా చిల్లర సామానంతా గంపగుత్తగా ఇచ్చేయమంటాను. గడువు తీరిన హార్నెస్ బెల్టులను (రేసింగ్ సీటు బెల్టులు) మాత్రం ఎవరికీ అంటగట్టకండి. అది ప్రాణాలతో పని.