పాత మిద్దెల కలపతో పెరటి బెంచీ: కడప శివార్లలోని ఒక పాత సామాను దుకాణం

పెరట్లో చెట్టు కింద కూర్చుని చదువుకోవడానికి ఒక బెంచీ కావాలని మా తొమ్మిదేళ్ల పాప అడిగింది. ప్లాస్టిక్ కుర్చీ కొనివ్వడం కంటే పాత కలపతో ఇద్దరమూ కలిసి చేసుకుంటే బాగుంటుందనిపించి, కూలగొట్టిన ఇళ్ల సామాను అమ్మే ఒక దుకాణానికి వరుసగా మూడు ఆదివారాలు వెళ్లాము. పిల్లలను వెంటబెట్టుకొని ఇటువంటి పనికి పూనుకునే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మన వైపు పల్లెల్లో దూలాల మీద దంతెలు పరిచి, పైన చౌడు మన్ను కప్పిన మట్టి మిద్దెలు ఒకప్పుడు ఊరి నిండా ఉండేవి. వాటిని తీసి స్లాబు ఇళ్లు కట్టుకుంటున్నప్పుడు బయటపడే దూలాలు, ద్వారబంధాలు, తలుపు రెక్కలు, కిటికీ కడ్డీలు, నాపరాళ్లు ఈ దుకాణానికి చేరుతాయి. వాటిని కుప్పగా పడేయకుండా, వేప ఒక వైపు, టేకు ఒక వైపు, రాయి వేరొక వైపు సర్ది ఉంచడం వల్ల పిల్లలు నడవడానికి దారి ఉంటుంది. చెప్పులతో మాత్రం వెళ్లకూడదు, బూట్లు తప్పనిసరి. తుప్పు పట్టిన మేకులు నేల మీద కూడా కనిపించాయి కనుక, అయిదారేళ్ల వయసులో వేయించవలసిన ధనుర్వాతం బూస్టరు టీకా పాపకు పడిందో లేదో కార్డు తీసి చూసుకున్న తరువాతే నేను తీసుకెళ్లాను.

ఈ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది అక్కడి పెద్దాయన పాపతో మాట్లాడిన తీరు. పాప రంగు చూసి ఒక నున్నని పలకను ఎంచుకోగా, ఆయన దాన్ని వేలి కణుపుతో తట్టి, "దీన్ని తీసుకోవాకు పాపా, లోపల చెద తినింది, చప్పుడు విను" అన్నాడు. పక్కనున్న వేప పలకను తట్టి, ఆ గట్టి చప్పుడుకూ ఈ బోలు చప్పుడుకూ తేడా వినిపించాడు. ఆ తరువాత పాప ఒక గంటసేపు ఒక్కొక్క పలకనూ తట్టి, చెవి ఆనించి విని, తానే మూడు వేప పలకలను ఏరింది. అమ్ముడుపోవలసిన సరుకులోని లోపాన్ని తానే చూపించే వ్యాపారి దొరకడం చిన్న విషయం కాదు. వేప కలపకు సహజంగానే పురుగును తట్టుకునే గుణం ఉంది, ఆరుబయట పెట్టే వస్తువుకు, టేకు ధర భరించలేని వారికి, అది చక్కగా సరిపోతుంది.

అక్కడ దొరికేవన్నీ పిల్లల పనికి పనికిరావు. పాత రైలు పట్టాల కింది స్లీపర్ దుంగలు చౌకగా, దిట్టంగా కనిపించినా, వాటికి బొగ్గు తారు నుంచి తీసిన క్రియోసోట్ పట్టించి ఉంటారు. ఒంటికి తగిలే బెంచీకి వాటిని వాడకూడదు. రంగు వేసిన పాత తలుపుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో కంటితో తెలియదు, దాన్ని గరుకు కాగితంతో రుద్దితే లేచే పొడి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పాప ముచ్చటపడిన నీలిరంగు తలుపు రెక్కను ఈ కారణం చెప్పి వదిలిపెట్టాము. యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్కలు కొనేవారు వాటి మీది ముద్ర చూడాలి. హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలిందని అర్థం, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. ఈ సంగతులు దుకాణంలో ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉండవలసింది.

మరొక లోపం ధర. ఎక్కడా ధర రాసి ఉండదు. మొదటి ఆదివారం చెప్పిన వెల మూడో ఆదివారానికి పెరిగింది, బేరమాడితే తగ్గింది. రసీదు అడిగి తీసుకోవలసి వచ్చింది.

బెంచీ కాళ్లకు నాపరాయి తీసుకున్నాము, కూర్చునే పలక కూడా నాపరాయిదే పెట్టుకొమ్మని దుకాణంలో సలహా ఇచ్చారు. కానీ నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న బండ సుమారు 75 కిలోలు తూగుతుంది, జారితే పిల్ల కాలు నలిగిపోతుంది. పైగా కడప ఎండకు నల్లరాయి ఎంత కాలుతుందో మనకు తెలియనిది కాదు. అందుకే రాయిని కాళ్లకు మాత్రమే వాడి, రెండు ముక్కలను పొలం గట్టు మీద కూసాలు పాతినట్టు అడుగు లోతున పాతించాను. ఆ రోజు పాపను దగ్గరికి రానివ్వలేదు.

మిగిలిన పనిలో పాప వాటా పెద్దది. పాడైన స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని పలకల మీద ఆడిస్తూ లోపల విరిగి ఉండిపోయిన మేకులను వెతికింది, దొరికిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టింది. పట్టకారుతో నేను పీకాను. రంపం, చిత్రిక నేను పట్టాను. 60, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్దడం, నీళ్లు నిలవకుండా పలకల మధ్య పెన్సిలు మందం సందు కొలిచి ఉంచడం, అవిసె నూనెను పలచగా పట్టించడం పాప చేసింది. నూనె గుడ్డలను ముద్దగా పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉన్నందున, పరిచి దండెం మీద ఆరవేశాము. కూర్చునే ఎత్తు 16 అంగుళాలు పెట్టాము. పాప కాళ్లు నేలకు ఆనుతున్నాయి, నాకూ ఇబ్బందిగా లేదు.

కలప, రాయి, ఆటో బాడుగ కలిపి 3,400 రూపాయలు అయింది. ఎండ ముదరక ముందే, పొద్దున తొమ్మిదిలోపు వెళితే పెద్దాయనకు తీరిక ఉంటుంది, పిల్లలు అడిగిన ప్రతిదానికీ నిలబడి జవాబు చెబుతాడు. మిగిలిన వేప ముక్కకు జత వెతకడానికి వచ్చే ఆదివారం మళ్లీ వెళుతున్నాము, పాప ఈసారి అవ్వ కోసం పీట చేస్తానంటోంది.