స్వాన్ లేక్ బ్యాలే చూడ్డానికి కాలయంత్రం ఎక్కితే: 1877 మాస్కోకా, 1895 పీటర్స్‌బర్గ్‌కా?

ముందు తేదీ సంగతి. అప్పటి రష్యా పంచాంగం మనకంటే 12 రోజులు వెనక. మాస్కో బోల్షోయ్ థియేటర్‌లో తొలి ప్రదర్శన మన లెక్కలో 1877 మార్చి 4, అక్కడి గోడపత్రిక మీద ఫిబ్రవరి 20. ఇది మరిచిపోతే ఆట అయిపోయాక దిగుతారు.

మాస్కోకి వెళ్తే రైసింగర్ కూర్చిన నాట్యం దొరుకుతుంది. అది ఇప్పుడెక్కడా ఆడటం లేదు కాబట్టి చూడాలంటే అదొక్కటే దారి. సంగీతం రాసిన చైకోవ్‌స్కీ కూడా అప్పటికి బతికే ఉన్నాడు.

నాట్యం కోసమైతే మాత్రం నా ఓటు పీటర్స్‌బర్గ్ మారిన్‌స్కీ థియేటర్‌కే: 1895 జనవరి 27, అక్కడ 15. రాజభవనం ఘట్టాల నాట్యం పెటిపా కూర్చాడు, సరస్సు ఘట్టాలది ఇవనోవ్. సంగీతాన్ని డ్రిగో సవరించాడు, అసలు స్వరరచన యథాతథంగా కావాలనుకునేవాళ్లకు ఇది లోటే. ప్రధాన నర్తకి లెన్యానీ ఒంటికాలి మీద 32 చుట్లు తిరిగేటప్పుడు ఆ నిలబడిన పాదాన్నే చూడండి: చుట్టు చుట్టుకీ మడమ నేలకు దిగి మళ్లీ లేస్తుంది, పాదం జరగకూడదు. దీనికి ముందు వరసలు మేలు. హంసల బారులు కుదురుగా కనబడాలంటే మాత్రం పై అంతస్తు. వీలైతే రెండు రాత్రులు వెళ్లండి.